ప్యాకింగ్‌కు చల్లని నీరు బాగానే పోతున్నా పిస్టన్ రాడ్ ఎందుకు కాలుతోంది?

రెండోదశ_కాపరి:
హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న వాయువును 22 బార్ నుంచి 50 బార్‌కు నొక్కే కంప్రెసర్‌లో డబుల్ యాక్టింగ్ (పిస్టన్‌కు రెండు వైపులా వాయువును నొక్కే) సిలిండరు ఒకటి నా బాధ్యతలో ఉంది. పిస్టన్ రాడ్ వ్యాసం 75 మి.మీ., స్ట్రోక్ 250 మి.మీ., వేగం నిమిషానికి 480 చుట్లు. రాడ్ చుట్టూ వాయువు బయటికి కారకుండా ఆపే ప్యాకింగ్ కేసులో, సీలు రింగులను పట్టి ఉంచే ఏడు కప్పులున్నాయి. రింగులన్నీ కార్బన్ కలిపిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ప్లాస్టిక్‌తో చేసినవి; లూబ్రికేటర్ నుంచి సిలిండరుకూ ప్యాకింగ్‌కూ నూనె అందుతుంది. పోయిన సంవత్సరం వరకు ఒక ప్యాకింగ్ సెట్టు పద్నాలుగు నెలలు నిలిచేది. ఆ తరువాత వరుసగా రెండు సెట్లు నాలుగేసి నెలలకే పాడయ్యాయి. లీకు రోజురోజుకూ పెరుగుతుంది, కారిన వాయువును తీసుకుపోయే వెంట్ లైను బాగా వేడెక్కుతుంది, విప్పి చూస్తే రాడ్ మీద ఎండుగడ్డి రంగు మచ్చలు, అక్కడక్కడ నీలి ఛాయ కనిపిస్తున్నాయి.

నీటి వైపు మాత్రం ఏ లోపమూ కనిపించదు. నిమిషానికి 9 లీటర్ల నీరు పోతోంది. లోపలికి వెళ్ళేటప్పుడు 32 డిగ్రీలు, బయటికి వచ్చేటప్పుడు 33 డిగ్రీలు ఉంటుంది. కేసులోని థర్మోకపుల్ ఎన్నడూ 44 డిగ్రీలు దాటలేదు. సిలిండరు నుంచి బయటికి వచ్చే వాయువు (డిశ్చార్జి) ఉష్ణోగ్రత ఎప్పటిలాగే 117 దగ్గర ఉంది. సిలిండరు వైపున్న నాలుగు కప్పుల రింగులు మెత్తబడి సందుల్లోకి సాగిపోగా, సిలిండరుకు దూరంగా బయటి చివరనున్న ఫ్లాంజ్ వైపు రింగులు దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. నీరు ఇంత చల్లగా తిరిగి వస్తున్నప్పుడు రాడ్ ఎందుకు కాలుతోందో నాకు అంతుపట్టడం లేదు.

నూనెచుక్క:
ముందుగా లూబ్రికేటర్ చూడండి. ప్యాకింగ్‌కు వెళ్ళే గొట్టంలోని నాన్ రిటర్న్ వాల్వు పాడైతే పంపు ఆడుతూనే ఉంటుంది కానీ నూనె లోపలికి చేరదు. గొట్టాన్ని కేసు దగ్గర విప్పి, నూనె నిజంగా వస్తోందో లేదో కంటితో చూసుకోవాలి.

పాతఫిట్టర్:
ఇది నీటి మార్గాల్లో సున్నం పేరుకున్న లక్షణం. కప్పుల్లోని రంధ్రాలు చాలా సన్ననివి. కఠినజలం వేడెక్కితే కాల్షియం కార్బనేట్ గోడలకు పట్టి, నీటికీ లోహానికీ మధ్య దుప్పటిలా నిలుస్తుంది. నేను విప్పిన ఒక కేసులో పెన్సిలు మందం రంధ్రం సూది పట్టనంతగా మూసుకుపోయింది. కప్పులను శుభ్రం చేయించి, నీటి ప్రవాహాన్ని ఇంకొంచెం పెంచండి.

ఉష్ణలెక్క:
పాతఫిట్టర్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక సందేహం చెబుతాను. రంధ్రాలు మూసుకుపోతే ప్రవాహం తగ్గాలి, ఉష్ణోగ్రతల తేడా పెరగాలి. ఇక్కడ 9 లీటర్లు పోతూ ఒక్క డిగ్రీ మాత్రమే పెరుగుతోంది.

ఘర్షణ వల్ల పుట్టే వేడిని స్థూలంగా లెక్కిద్దాం. 250 మి.మీ. స్ట్రోక్, 480 చుట్లు అంటే సగటు రాడ్ వేగం సెకనుకు 4 మీటర్లు. ప్యాకింగ్ ఉన్న క్రాంక్ వైపు గదిలో పీడనం 22కూ 50కీ మధ్య ఊగుతుంది కనుక సగటు 35 బార్ అనుకుందాం. ఎన్ని రింగులున్నా ఏ క్షణంలోనైనా భారాన్ని ప్రధానంగా మోసేది ఒకటో రెండో కాబట్టి, రాడ్‌ను గట్టిగా నొక్కుతున్న వెడల్పును 10 మి.మీ.గా తీసుకుందాం. రింగు కింద పీడనం ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా పడిపోతుంది కనుక నికరంగా నొక్కే పీడనం దాదాపు సగమే. ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే ఘర్షణ బలం 410 న్యూటన్లకు కొంచెం పైన, వేడి సుమారు 1.6 కిలోవాట్లు వస్తుంది. నిమిషానికి ఒక లీటరు నీరు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.7 కిలోవాట్లు మోసుకుపోతుంది. ఆ లెక్కన మీ 9 లీటర్ల నీరు ఒక డిగ్రీకి తీసుకువెళుతున్నది 0.63 కిలోవాట్లే. తక్కిన ఒక కిలోవాటు ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న.

గేజ్‌_గమనిక:
లెక్క బాగుంది. అయితే ఆ థర్మామీటర్లు డయల్ రకమైతే ఒక్కొక్కదానిలోనే ఒక డిగ్రీ తప్పు ఉండవచ్చు. మొత్తం వేడి నీటిలోకే పోయినా మీ లెక్క ప్రకారం రావలసిన తేడా రెండున్నర డిగ్రీలే కదా. ఒకటికీ రెండున్నరకూ మధ్య నిలబడి తీర్పు చెప్పడానికి ఆ థర్మామీటర్లు చాలవు.

ఉష్ణలెక్క:
అంగీకరిస్తున్నాను. అది ఋజువు కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే.

పీక్‌రింగు:
వేడి ఎటు పోతోందన్న ప్రశ్నకు సగం జవాబు రింగు పదార్థంలోనే ఉంది. పీటీఎఫ్ఈ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి పావు వాట్ దగ్గర ఉంటుంది. కార్బన్ కలిపితే కొంత మెరుగవుతుంది, అంతే. ఉక్కుకు అది నలభై వాట్లకు పైనే. వేడి పుట్టేది రింగూ రాడ్డూ రాసుకునే చోట. అక్కడి నుంచి దానికి సులువైన దారి రాడ్డే, కప్పు కాదు. అందువల్ల వేడిలో పెద్ద భాగం రాడ్‌లోకి దిగి, ఒక వైపు సిలిండరులోని వాయువుకూ మరో వైపు రాడ్‌ను క్రాంక్‌కు కలిపే క్రాస్‌హెడ్ నూనెకూ చేరుతుంది. రింగు పక్క ముఖాల నుంచీ, కప్పులోని వాయువు, నూనెల ద్వారానూ వచ్చిన వేడిని మాత్రమే నీరు తీసుకోగలదు. పాత రోజుల కంచు రింగులు ఈ విషయంలో మేలు, అవి వేడిని కప్పుకు అందించేవి. కాబట్టి కప్పు చల్లగా ఉన్నంత మాత్రాన రాడ్ చల్లగా ఉందని అర్థం కాదు.

పాతఫిట్టర్:
అలాగైతే పీటీఎఫ్ఈ రింగులున్న చోట నీటితో పనే లేదని మీ అభిప్రాయమా? నీరు ఆపి నడిపిన యంత్రాల్లో రెండు రోజుల్లో ప్యాకింగ్ పోవడం నా కళ్ళతో చూశాను.

పీక్‌రింగు:
అలా అనలేదు. రాడ్ 250 మి.మీ. ముందుకూ వెనక్కూ పోతూ తన వేడిని కప్పుల మధ్య ఉన్న ప్రతి ఖాళీలోనూ వదులుతుంది. కప్పు చల్లగా ఉంటే అక్కడి వాయువూ నూనె పొరా చల్లగా ఉంటాయి, వాటి మీదుగా రాడ్ వేడి కూడా కొంత దిగుతుంది. ఈ దారి సన్ననిదే గాని అది మూసుకుపోతే మిగిలేవి రాడ్ రెండు చివరల దారులే, వాటిలో సిలిండరు వైపు వాయువే 117 డిగ్రీలు ఉంది. పైగా పీటీఎఫ్ఈ వేడికి ఉక్కుకన్నా దాదాపు పది రెట్లు వ్యాకోచిస్తుంది. కప్పు చల్లబడకపోతే రింగు లావెక్కి, కప్పులో దానికి ఇచ్చిన పక్క సందు మూసుకుపోతుంది. రింగు బిగుసుకుపోయి రాడ్‌తో పాటు కదలలేదు. కదలలేని రింగు లీకవుతుంది, లీకైన వేడి వాయువు తరువాతి రింగును ఇంకా వేడిచేస్తుంది. నీళ్ళు ఆగిన రెండు రోజుల్లో మీరు చూసినది ఇదే.

రాడ్‌రనౌట్:
అందరూ నీటి వెంట పడ్డారు. రాడ్ వంకరగా నడుస్తున్నా (దాన్నే రాడ్ రనౌట్ అంటారు) ఇవే లక్షణాలు వస్తాయి. ఇలాంటి కంప్రెసర్లకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఏపీఐ 618 ప్రమాణం, అడ్డంగా కొలిచిన రాడ్ రనౌట్‌ను స్ట్రోక్ ఎంతైనా సరే 0.064 మి.మీ.కు మించనివ్వదు. నేను చూసిన ఒక యంత్రంలో క్రాస్‌హెడ్ షూ కింద షిమ్ (ఎత్తు సరిచేసే పలుచని రేకు) మార్చినప్పుడు తప్పు జరిగి, రాడ్ ప్రతి స్ట్రోక్‌లోనూ రింగులను ఒక పక్కకు నెట్టేది. నీరు ఎంత పెంచినా లాభం లేకపోయింది. డయల్ గేజ్ పెట్టి కొలవకుండా ముందుకు పోవద్దు.

రెండోదశ_కాపరి:
అడిగినవాటికి జవాబులు ఇస్తున్నాను. లూబ్రికేటర్ గొట్టం విప్పి చూశాము, నూనె సరిగానే వస్తోంది. ఈసారి సెట్టు మార్చేటప్పుడు రనౌట్ కొలిచాము, అడ్డంగా 0.03, నిలువుగా లెక్కకు వచ్చినంతే ఉంది. నీరు మూసిన వలయంలో తిరిగే శుద్ధి చేసిన నీరు కాబట్టి సున్నం అవకాశం తక్కువ; ఫిల్టర్ కూడా శుభ్రంగా ఉంది. ఒక విషయం చెప్పడం మరిచాను. పోయిన సంవత్సరం వరకు ఈ కేసుకు నిమిషానికి 6 లీటర్లే పోయేవి. ఇప్పుడు కవాటం అదే స్థానంలో ఉన్నా 9 పోతున్నాయి. ప్రవాహం పెరిగింది కదా అని నీటి మీద నాకు అనుమానం రాలేదు.

తక్కువరింగులు:
కారణం ఏదైనా, ఏడు కప్పులు ఈ పీడనానికి ఎక్కువే అనిపిస్తోంది. లీకు కనిపించినప్పుడల్లా ఒక రింగు జత చేర్చడం చాలాచోట్ల అలవాటు. చేర్చిన ప్రతి రింగూ కొంత ఘర్షణను, ఆ మేరకు వేడిని తెస్తుంది, సీలింగ్ మాత్రం అంత పెరగదు. నేను ఒక కేసులో రెండు జతలు తీసివేసి, ఒక జతకు వెనుక కంచు ఆధార రింగు పెట్టించాను. రాడ్ ఉష్ణోగ్రత కచ్చితంగా తగ్గింది.

నూనెచుక్క:
తక్కువరింగులు గారి మాటలో నిజముంది కానీ ఇక్కడ అదే ఏడు కప్పులతో పద్నాలుగు నెలలు నడిచింది. నిన్నటిదాకా బాగా నడిచినదాన్ని మార్చే ముందు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో తెలుసుకోవాలి.

చమురుతోచల్లన:
మా యంత్రాల్లో ప్యాకింగ్‌ను ఫ్రేమ్ నూనెతోనే చల్లబరుస్తారు. నీరు కారి క్రాంక్‌కేస్ నూనెలో కలుస్తుందన్న భయం ఉండదు. మీరు కూడా ఆలోచించవచ్చు.

ఉష్ణలెక్క:
ఆ భయం లేకపోవడం పెద్ద లాభమే. అయితే నూనె విశిష్టోష్ణం నీటిలో సగం, సాంద్రత కూడా తక్కువ. నిమిషానికి ఒక లీటరు నూనె 10 డిగ్రీలు వేడెక్కితే 0.3 కిలోవాట్లకు మించి మోయదు. పైగా అది చిక్కన కనుక సన్నని రంధ్రాల్లో గోడ నుంచి వేడిని అందుకోవడంలోనూ వెనుకబడుతుంది. నీటి కోసం తొలిచిన కప్పుల్లో నూనె పోసి అదే ఫలితం ఆశించకూడదు.

తడివాయువు:
చల్లదనం మరీ ఎక్కువైనా ప్రమాదమే. బరువైన హైడ్రోకార్బన్లున్న వాయువులో నేను పనిచేశాను. అక్కడ బాగా చల్లని నీరు ఇస్తే కప్పుల్లో ద్రవం చేరి, నూనె పొరను కడిగేసి, రింగులను పొడి రాడ్ మీద వదిలేది. సిలిండరు చుట్టూ తిరిగే జాకెట్ నీరు, సిలిండరులోకి వచ్చే (సక్షన్) వాయువుకన్నా కనీసం 6 డిగ్రీలు వేడిగా ఉండాలన్న నియమం వెనుక ఉన్నది ఈ భయమే. ఆ నియమాన్ని ప్యాకింగ్ నీటికి యథాతథంగా వర్తింపజేసి జాకెట్ నుంచి వచ్చిన వేడి నీటినే ప్యాకింగ్‌కు పంపేవారున్నారు, అది మరో తప్పు. ప్యాకింగ్‌కు విడిగా చల్లని నీరు కావాలి, అది వాయువు మంచుబిందువుకు (వాయువులోని ఆవిరి ద్రవంగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు) దిగువకు పోకుండా చూసుకోవాలి.

గేజ్‌_గమనిక:
ఒక ప్రశ్న. కేసు నీటి ద్వారాలు రెండింటి దగ్గరా పీడనం ఎంత ఉంది? డ్రాయింగులో పీడన నష్టం ఎంత రాసి ఉంది?

రెండోదశ_కాపరి:
డ్రాయింగులో నిమిషానికి 6 లీటర్ల వద్ద 0.8 బార్ అని ఉంది. ఇంతవరకు ఎవరూ కొలిచినట్టు లేరు. ఇవాళ ఒకే గేజిని రెండు చోట్లా పెట్టి చూశాను, 9 లీటర్ల వద్ద తేడా 0.3 బార్ ఉంది.

గేజ్‌_గమనిక:
అయితే సగం జవాబు దొరికినట్టే. ఇలాంటి మార్గాల్లో పీడన నష్టం దాదాపు ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6 నుంచి 9 అంటే ఒకటిన్నర రెట్లు కనుక, 0.8 కాస్తా 1.8 బార్ కావాలి. మీకు 0.3 వచ్చింది. అంటే నీరు డ్రాయింగులో ఉన్న దారిలో పోవడం లేదు, ఎక్కడో అడ్డదారి పట్టి తిరిగి వచ్చేస్తోంది. ప్రవాహం పెరిగిందని మీరు సంతోషించింది ఆ అడ్డదారి వల్లనే. ఫ్లాంజ్ వైపు రింగులు కొత్తవాటిలా ఉండటం, సిలిండరు వైపువి కరిగినట్టు సాగడం కూడా దీనికి సరిపోతాయి. ఫ్లాంజ్ వైపు కప్పులకు నీరు అందుతోంది, అవతలి కప్పులకు అందడం లేదు.

రాడ్‌రనౌట్:
రింగుల స్థితిని బట్టి అలా తేల్చడం తొందరపాటు అవుతుంది. స్ట్రోక్ స్ట్రోక్‌కూ మారే పీడనపు దెబ్బ సిలిండరు వైపు రింగుల మీదే పడుతుంది. నీరు సరిగ్గా తిరిగే కేసుల్లో కూడా అవే ముందు అరగడం సాధారణం.

పీక్‌రింగు:
అరగడం వేరు, మెత్తబడి సాగడం వేరు. మొదటి పోస్టులో ఆయన చెప్పినది రెండవది. అరిగిన రింగు మందం తగ్గుతుంది గాని అంచులు పదునుగానే ఉంటాయి. సందులోకి సాగిన అంచు ఉష్ణోగ్రత హద్దు దాటిందనడానికి గుర్తు.

నూనెచుక్క:
నా పాత ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నాను. పద్నాలుగు నెలల సెట్టుకూ మొదటి నాలుగు నెలల సెట్టుకూ మధ్య ఆ కేసుకు ఏం జరిగింది?

రెండోదశ_కాపరి:
రికార్డులు తిరగేశాను. ఆ మధ్యలోనే కప్పుల ముఖాలను ల్యాపింగ్ చేయించడానికి (చదునుగా, నునుపుగా అరగదీయించడానికి) కేసును బయటి వర్క్‌షాపుకు పంపారు. విడి కప్పులుగా పంపి, వచ్చాక ఇక్కడే కూర్చారు. వచ్చే నిలుపుదలలో మొత్తం విప్పి, చూసినది ఇక్కడ రాస్తాను.

పాతఫిట్టర్:
విప్పేటప్పుడు కప్పులను వరుస తప్పకుండా బల్ల మీద పేర్చి ఫొటో తీయించండి. విప్పిన తరువాత కలిసిపోతే ఋజువు పోతుంది. కప్పుల మధ్య కారకుండా ఆపే ఓ-రింగులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో కూడా రాసుకోండి.

రెండోదశ_కాపరి:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. కేసును విప్పాము.

మా కేసులో నీరు ఫ్లాంజ్ నుంచి ఒక రంధ్రం గుండా లోపలికి పోయి, కప్పు వెంట కప్పు దాటి, సిలిండరు వైపు నుంచి రెండవదైన ఆరో కప్పు దగ్గర మలుపు తిరిగి, రెండవ రంధ్రం గుండా వెనక్కు రావాలి. మలుపు తిప్పే ఆ ఆరో కప్పులో రెండు రంధ్రాలనూ కలుపుతూ లోపల అడ్డంగా ఒక రంధ్రం తొలిచి ఉంటుంది, అవతలికి దారి ఉండదు. ఏడో కప్పుకు నీరు ఉండదు. మేము చూసినప్పుడు ఆ మలుపు కప్పు మూడో స్థానంలో ఉంది. మూడో స్థానంలో ఉండాల్సిన మామూలు కప్పు ఆరో స్థానంలో ఉంది. వాటి బయటి కొలతలు, రింగు గాడి కొలతలు ఒకటే కావడంతో కూర్చేటప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు. కప్పుల అంచున చెక్కిన అంకెలు ల్యాపింగ్ తరువాత కనీకనిపించకుండా పోయాయి. నాలుగు, అయిదు, ఆరు కప్పుల రంధ్రాలు పూర్తిగా పొడిగా ఉన్నాయి, నీరు పారిన మరక కూడా లేదు. గేజ్‌_గమనిక గారు పీడన నష్టం అడగకపోతే మూడో సెట్టు కూడా అదే కేసులో వేసి ఉండేవాళ్ళం. ఆయనకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రాడ్‌రనౌట్:
నా అంచనా తప్పని ఒప్పుకుంటున్నాను. పొడి రంధ్రాలకు మించిన ఋజువు అక్కరలేదు.

ఉష్ణలెక్క:
ఇప్పుడు థర్మోకపుల్ సంగతి కూడా తేలింది. అది ఏ కప్పులో ఉంది?

రెండోదశ_కాపరి:
రెండో కప్పులో, అంటే నీరు బాగా అందుతున్న చోట. అందుకే రాడ్ నీలి రంగుకు తిరుగుతున్నా అది 44 చూపిస్తూ మమ్మల్ని నమ్మించింది. దాన్ని ఇప్పుడు అయిదో కప్పుకు మార్చాము.

పీక్‌రింగు:
ఆ రాడ్‌ను తిరిగి వాడుతున్నారా? ఉక్కు గడ్డి రంగుకు రావడమంటే ఉపరితలం 220 డిగ్రీల పైకి, నీలం అంటే 300 దగ్గరికి చేరిందన్నమాట. గట్టిపరచిన పొర అక్కడ మెత్తబడి ఉంటుంది. కాఠిన్యం కొలవకుండా దాని మీద కొత్త రింగులు వేయవద్దు. సన్నని ఉష్ణపు పగుళ్ళు కూడా చూడాలి, అవి కొత్త రింగులను ఆకురాయిలా గీరేస్తాయి.

రెండోదశ_కాపరి:
కొలిచాము. మచ్చలున్న చోట కాఠిన్యం రాక్‌వెల్ సి 50 కన్నా దిగువకు పడిపోయింది. ఆ రాడ్ తీసివేసి టంగ్‌స్టన్ కార్బైడ్ పూత ఉన్న కొత్త రాడ్ వేశాము.

నీటితొట్టి:
ఆలస్యంగా చదివాను. ఆరో కప్పు దాకా ఇప్పుడు నీరు వెళుతోంది కాబట్టి మీరు ఇంతవరకు ఎదుర్కోని మరో ప్రమాదం గురించి హెచ్చరిస్తున్నాను. అధిక పీడనం వైపు కప్పుల మధ్య ఓ-రింగు తెగితే వాయువు నీటిలోకి వస్తుంది. ఒక యంత్రంలో అది నీటి ట్యాంకు మట్టం అకారణంగా పెరగడంగా, తరువాత బుడగలుగా కనిపించింది. హైడ్రోజన్ కనుక ట్యాంకు వెంట్ సురక్షితమైన చోటికి పోయేలా ఉండాలి, అక్కడ వాయువును పసిగట్టే పరికరం ఉంటే ఇంకా మంచిది. కూర్చిన కేసును సిలిండరులో పెట్టే ముందే నీటి మార్గానికి పీడన పరీక్ష చేయాలి.

పాతఫిట్టర్:
పీడన పరీక్షతో పాటు ప్రవాహ పరీక్ష కూడా చేయండి. ఈ కేసు తప్పు వరుసలో కూర్చి ఉన్నప్పుడు పీడన పరీక్ష పెట్టినా నెగ్గేదే. లీకు లేదని అది చెబుతుంది, నీరు ఎక్కడిదాకా పోతోందో చెప్పదు. బల్ల మీదే గోరువెచ్చని నీరు తిప్పి చివరి కప్పులను చేత్తో తాకి చూడడం నేను ఇప్పటి నుంచి మొదలుపెడతాను. సున్నం అని మొదట గట్టిగా చెప్పినందుకు చింతిస్తున్నాను.

రెండోదశ_కాపరి:
యంత్రం మొదలుపెట్టి 900 గంటలైంది. ప్రవాహం 6 లీటర్లు, పీడన నష్టం 0.8 బార్, నీటి ఉష్ణోగ్రతల తేడా 3 డిగ్రీలు. ఈసారి రెండు థర్మామీటర్లనూ ఒకే పాత్రలో ముంచి సరిచూసి పెట్టాము. ఉష్ణలెక్క గారి పద్ధతిలో అది 1.25 కిలోవాట్లు, అంటే నీటిలోకి మునుపటికి రెండింతల వేడి వస్తోంది. అయిదో కప్పు థర్మోకపుల్ 58 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. వెంట్ లైను మీద చేయి పెట్టగలుగుతున్నాము. కప్పుల అంచులకు లోతుగా కొత్త అంకెలు చెక్కించాము, మలుపు కప్పుకు మాత్రం అంకె పక్కన ఒక బాణం గుర్తు కూడా వేయించాము.

తక్కువరింగులు:
రాబోయే సెట్టుకు రెండు జతలు తగ్గించే ప్రయత్నం చేస్తారా?

రెండోదశ_కాపరి:
ఈ సెట్టు పద్నాలుగు నెలలు దాటేదాకా మరేదీ మార్చను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.